కోటలు చూసొద్దాం, దోస్తుల్ని కలిసొద్దాం

పట్నం పోనోళ్ళు మన వాడల్లో ఎవరున్నారు? కోర్టు వాయిదాకు పోతాం. గాంధీ దవాఖానకు పోతాం. సర్టిఫికెట్ కోసం పోతాం, ధర్నాచౌక్‌కు పోతాం, మేస్త్రీ వెంట కూలికి పోతాం. పని అయితే అయింది, కాకుంటే లేదు, సాయంత్రం బస్సు పట్టుకుని ఊరు చేరుకుంటాం. ఒక పూట మిగిలితే చార్మినార్ చూస్తాం, జూపార్కు చూస్తాం, ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుణ్ణి చూస్తాం. 2023 ఏప్రిల్ 14 నుండి 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం కాడ ఫోటో దిగుతున్నాం. మంచిదే, దిగాలి కూడా.

కానీ ఆ అంబేద్కర్‌కు ఆయన బతికుండగానే గౌరవ డాక్టరేట్ ఇచ్చిన యూనివర్సిటీ ఈ పట్నంలోనే ఉందని మనలో ఎంతమందికి తెలుసు? తెలిసినవాళ్ళలో ఎంతమంది పోయి చూశారు? ఉప్పల్‌లో బస్సు దిగితే మెట్రోలో నాలుగో స్టేషన్ తార్నాక. అక్కడి నుండి నడిచినా అరగంట. ఆ అరగంట నడక మనం నడవలేదు. ఎందుకు నడవలేదో కాస్త మాట్లాడుకుందాం.

జనవరి 12న యూనివర్సిటీ చూసొద్దాం రండి, రాత్రికి తార్నాకలో పాత మిత్రుల్ని కలుద్దాం అని మేము రెండు లైన్ల ప్రకటన వేస్తే ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు నొచ్చుకున్నారు. "ఊళ్ళల్ల భూముల పంచాయితీలు నడుస్తున్నయి, స్కాలర్‌షిప్పులు రాక పిల్లల సర్టిఫికెట్లు ఆగిపోతున్నయి, ఇప్పుడు మనకు షికార్లేందన్నా?" అని ఒకాయన ఫోన్లోనే గట్టిగా అడిగాడు. అడగవలసిన మాటే. కూటికి తడుముకునేటోళ్ళకు కోటలెందుకు అనే ఆలోచన మనలో లేకపోలేదు. ఒకరోజు కూలి పోగొట్టుకుని రాళ్ళూ గోడలూ చూసి రావడమేమిటని ఇంట్లో అడిగితే జవాబు చెప్పుకోవాలి గదా.

జవాబు బాబాసాహెబ్ అనుభవంలోనే ఉంది. ఆయన కూడా ఒకసారి కోట చూడబోయాడు.

అది 1934. ఉద్యమంలో తనతో పనిచేసేవాళ్ళు, మనవంటి కార్యకర్తలే, అందరం కలిసి ఎటైనా తిరిగొద్దాం, మీరూ రావాలి అని పట్టుబట్టారు. వెరూల్ గుహలు, అంటే మనం ఎల్లోరా అంటున్నామే అవి, చూడాలని అనుకున్నారు. సుమారు ముప్పై మంది బయలుదేరారు. తాము అంటరానివాళ్ళమని దారిలో ఎవరికీ తెలియనీయకుండా పోవాలని ముందే నిర్ణయించుకున్నారు. తెలిస్తే అవమానాలు తప్పవు. అప్పటికి ఆయన లండన్‌లోనూ అమెరికాలోనూ చదివి వచ్చిన బారిస్టరు. రౌండ్‌టేబుల్ సమావేశాల్లో బ్రిటిష్ ప్రధానమంత్రి ముందు కూర్చుని మాట్లాడిన మనిషి. సొంత దేశంలో కోట చూడటానికి కులం దాచుకుని పోవలసి వచ్చింది.

దారిలో దౌలతాబాద్ కోట. అప్పుడది మన హైదరాబాద్ నిజాం రాజ్యంలోనే ఉండేది. రంజాన్ నెల. బస్సు దిగేసరికి ఒళ్ళంతా దుమ్ము. కోట ద్వారం కాడ నీళ్ళు నిండిన చిన్న చెరువు. కొందరు పోయి ముఖం, కాళ్ళు కడుక్కున్నారు. తర్వాత ద్వారం లోపలికి వచ్చి అనుమతి కోసం చూస్తున్నారు. ఇంతలో తెల్లగడ్డపు ముసలాయన ఒకడు ఉరుక్కుంటూ వచ్చి, అంటరానోళ్ళు చెరువు మైలపరిచారని కేకలు పెట్టాడు. నలుగురూ పోగయ్యారు. తిట్లు మొదలయ్యాయి. మీ మతం నేర్పింది ఇదేనా, అంటరానివాడు రేపు ముసల్మాను అయితే అప్పుడు కూడా నీళ్ళు ముట్టనీయరా అని అంబేద్కర్ కోపంగా అడిగితే ఆ గుంపు నోరు మూతపడింది. చివరకు లోపలికి పంపారు. ఎట్లా? కోట లోపల ఎక్కడా నీళ్ళు ముట్టరాదనే షరతు మీద. ఆ షరతు మీరకుండా చూడటానికి వెంట ఆయుధం పట్టిన సిపాయి.

మహద్ చెరువు నీళ్ళు తాగే హక్కు కోసం ఆయన వేలమందిని నడిపించింది 1927 మార్చి 20న. ఏడేళ్ళ తర్వాత, ఏ ఉద్యమమూ లేదు, ఏ సభా లేదు, మామూలు యాత్రికుడిగా పోయినా మళ్ళీ అదే చెరువు, అదే నీళ్ళు. ఈ సంగతి ఆయన ఇంగ్లీషులో రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో ఉంది. అది అచ్చయింది 1990లో, ఆయన పోయిన 34 ఏళ్ళకు. కొందరు దీన్ని ముసల్మాన్ల మీద రాయి వేయడానికి వాడుకుంటున్నారు. వాళ్ళతో మాకు పొత్తు లేదు. హిందువుల ఇంట్లో పుట్టిన కుల రోగం పక్కింటికి కూడా అంటుకుంది అన్నదే ఆయన చెప్పిన మాట. రోగం ఎక్కడ పుట్టిందో మరిచిపోయి పక్కింటిని మాత్రమే చూపించేవాడి సంగతి వేరు.

కాబట్టి కోట చూడబోవడం అనేది మనకు ఎన్నడూ వట్టి షికారు కాదు. ఎవరిని రానిస్తారు, ఎవరిని ఆపుతారు, ఎవరి పేరు రాయి మీద చెక్కుతారు అనేది ద్వారం కాడనే తేలిపోతుంది. 1927 జనవరి 1న అంబేద్కర్ భీమా కోరేగావ్ స్తంభం కాడికి పోయాడు. 1818 యుద్ధంలో చచ్చిపోయిన మహార్ సిపాయిల పేర్లు దాని మీద ఉన్నాయి. అంతకు ముందు అది కంపెనీవాళ్ళు నిలబెట్టిన స్తంభమే. ఆయన పోయి నిలబడ్డాక మనది అయింది. ఇప్పుడు ఏటా జనవరి 1న లక్షల మంది పోతున్నారు. మన తెలుగు నేల మీద చూడండి, చుండూరులో 1991 ఆగస్టు 6న చంపబడినవాళ్ళను ఊరి నడుమనే పూడ్చి, ఆ చోటును రక్తక్షేత్రం అన్నాం. స్పెషల్ కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పులు మారాయి. రక్తక్షేత్రం అక్కడే ఉంది.

ఇక ఉస్మానియా సంగతి. దౌలతాబాద్‌లో మన నాయకుడి వెంట సిపాయిని నడిపించిన అదే 1934లో, అదే రాజ్యంలో, జులై 5న ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి వేశారు. యూనివర్సిటీ పుట్టింది 1918లో. కొత్త క్యాంపస్ ఎట్లా కట్టాలో చూసి రండని ఏడో నిజాం ఇద్దరు ఇంజనీర్లను, జైన్ యార్ జంగ్‌ను, సయ్యద్ అలీ రజాను, దేశదేశాలు తిప్పించాడు. వాళ్ళు పెద్ద పెద్ద యూనివర్సిటీలు చూసి, బెల్జియం దేశపు జాస్పర్ అనే వాస్తుశిల్పిని కుదిర్చి తెచ్చారు. అంటే యూనివర్సిటీ కట్టడానికి కూడా ముందు తిరిగి చూడవలసి వచ్చింది. తిరుగుడు దండగ అనేవాళ్ళు ఇది గమనించాలి. గులాబి రంగు గ్రానైటు రాయితో కట్టిన ఆ భవనం 1939 డిసెంబర్ 4న తెరిచారు. కమాను అరబ్బు తీరు. లోపలి స్తంభాలు చూస్తే అజంతా, ఎల్లోరా గుహలు గుర్తుకొస్తాయి. ఏ ఎల్లోరా చూడటానికైతే బాబాసాహెబ్ కులం దాచుకుని బయలుదేరాడో, ఆ ఎల్లోరా పోలిక తార్నాక పక్కన రాయిలో నిలబడి ఉన్నది.

నిజాంను నెత్తిన పెట్టుకునేవాళ్ళు కొందరు, మొత్తానికే తుడిచేయాలనేవాళ్ళు కొందరు. మాకు రెండు పక్షాలతోనూ పని లేదు. దేశభాషలో, ఉర్దూలో, ఇంజనీరింగు, డాక్టరీ చదువులు చెప్పిన యూనివర్సిటీ అది. ఇంగ్లీషు రాకుంటే చదువే లేదనుకునే రోజుల్లో అది చిన్న పని కాదు. కానీ తెలంగాణ పల్లెల్లో దొర గడి ముందు వెట్టి చేస్తున్న మాల మాదిగ పిల్లవాడికి ఉర్దూ బడి ఎక్కడిది, తెలుగు బడి ఎక్కడిది? వాడికి బడి అంటూ పెట్టినవాడు భాగ్యరెడ్డి వర్మ. మాదరి భాగయ్యగా 1888లో పుట్టి, 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, 1910లో ఇసామియా బజార్‌లో మన పిల్లలకు బడి తెరిచిన మనిషి. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిస్తే, మేము పంచములం కాము, ఈ నేల ఆదివాసులం అని సభ పేరే మార్పించి ఆది ఆంధ్ర సభ చేసిన మనిషి. ఆయన 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశాడు. ఆర్ట్స్ కాలేజీ తలుపులు తెరిచింది ఆ తర్వాత పది నెలలకు. ఇసామియా బజార్ బడి నుండి ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా ఉన్న దూరం కొన్ని మైళ్ళే. మన పిల్లలు గుంపులుగా ఆ మెట్లెక్కడానికి ఇంకో ముప్పై నలభై ఏళ్ళు పట్టింది.

అంబేద్కర్‌కు డాక్టరేట్ ఇచ్చింది 1953 జనవరి 12న. అప్పటికి ఆయన పదవిలో లేడు. హిందూ కోడ్ బిల్లును నడవనీయలేదని 1951లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చాడు. 1952 మొదటి ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయాడు. ఒంట్లో జబ్బు. ఆ ఏడు జూన్‌లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ పిలిచి డాక్టరేట్ ఇచ్చింది. ఏడు నెలలకు ఉస్మానియా ఇచ్చింది. గెలిచినవాడికి దండలు వేయడం లోకంలో మామూలే. ఓడిన మనిషిని పిలిచి గౌరవించిన తేదీ కాబట్టి జనవరి 12 మాకు ముద్దు. ఒకనాడు దౌలతాబాద్‌లో నీళ్ళు ముట్టవద్దన్న రాజ్యం 1948లో కూలిపోయింది. ఆ రాజ్యం కట్టిన చదువుల ఇల్లు నిలబడి ఆయనను డాక్టర్ అని పిలిచింది.

ఈ ముచ్చట్లన్నీ చెప్పుకుంటూ మేము 23 మందిమి ఆ మెట్ల మీద కూర్చున్నాం. అందులో 14 మంది ఆడవాళ్ళు. 2023 డిసెంబర్ నుండి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి ఈసారి వాళ్ళే ఎక్కువ వచ్చారు. ఈ పథకం మీద ఎన్ని జోకులు వేసినా, ఒక వ్యవసాయ కూలీ తన పైసతో పనిలేకుండా పట్నం వచ్చి యూనివర్సిటీ మెట్ల మీద కూర్చున్నది, ఇది మేము కళ్ళారా చూశాం. మా వెంట వచ్చిన ఒక పెద్దవ్వ స్తంభం చుట్టూ తిరిగి, రాయి మీద చెయ్యి పెట్టి, "ఇంత బండ మీదికెట్ల లేపిండ్రు బిడ్డా? దినం కూలి ఎంతిచ్చిండ్రు?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. గైడు పుస్తకాల్లో జాస్పర్ పేరుంటుంది, నిజాం పేరుంటుంది. బండ కొట్టినోడి పేరు, తట్ట మోసినామె పేరు ఉండవు. క్యాంపస్‌ను ఆనుకుని మాణికేశ్వర్ నగర్ ఉంది. జనం నోట దాని పేరు వడ్డెర బస్తీ. బండ కొట్టే కులం పేరు మీద బస్తీ, బండతో కట్టిన కాలేజీ పక్కపక్కనే ఉన్నాయి. ఆర్ట్స్ కాలేజీ చూసినవాళ్ళు ఆ బస్తీలో కూడా ఒక చాయ్ తాగి రావాలని మా మనవి. చూడవలసిన స్థలాల పట్టికలో అది కూడా ఉండాలి.

హాస్టళ్ళ వైపు నడిచాం. మా పిల్లలకు 'నాన్‌బోర్డర్' అంటే ఏమిటో చెప్పవలసి వచ్చింది. హాస్టల్లో సీటు దొరికినవాడు బోర్డర్. సీటు దొరకక, అద్దెకు రూము తీసుకునే స్తోమత లేక, దోస్తు రూములో చాప పరుచుకుని, దోస్తు పళ్ళెంలో చెయ్యి పెట్టి తిని పరీక్షలు రాసేవాడు నాన్‌బోర్డర్. రికార్డుల్లో వాడు లేడు. కానీ ఇవ్వాళ జిల్లాల్లో మన వకీళ్ళు, లెక్చరర్లు, పంతుళ్ళు, పత్రికలవాళ్ళు ఎంతమంది ఆ చాపల మీద నుండి లేచి వచ్చారో లెక్క తీస్తే పెద్ద పుస్తకమవుతుంది. మాలో కొందరం ఆ చాప మీద పడుకున్నోళ్ళమే. కారంచేడు, చుండూరు పేర్లు మోసుకొచ్చిన కరపత్రాలు చదివింది ఆ చాపల మీదనే. సంతకం చేయడం రాని తల్లిదండ్రుల బిడ్డలం ఒకరి నోట్సు ఒకరు రాసుకున్నాం. దాన్ని ఏ పురావస్తు శాఖా తవ్వి తీయదు. తీయవలసింది మనమే.

ఇంకా కొన్ని చోట్లు చూపించాం. 1972లో జార్జిరెడ్డిని చంపింది ఈ క్యాంపస్‌లోనే, అదీ ఏప్రిల్ 14న, అంబేద్కర్ పుట్టినరోజున. 2012 ఏప్రిల్ 15న మన విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే దాడులు జరిగింది ఇక్కడే. మన అవ్వలు ఎండబెట్టి దండెం మీద దాచుకున్న తిండి యూనివర్సిటీలో తింటే బస్సులు తగలబడ్డాయి. ఎన్‌సీసీ గేటు కాడ అందరం కాసేపు నిలబడ్డాం. తెలంగాణ కోసం 2010 ఫిబ్రవరి 20న సిరిపురం యాదయ్య అక్కడ ఒళ్ళు తగలబెట్టుకున్నాడు. అమ్మా నాయనా లేని పిల్లవాడు. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. అక్కడ ఎవరం ఉపన్యాసం చెప్పలేదు.

సాయంత్రానికి తార్నాక చేరాం. ఆ పేరుకు ఒక కథ చెబుతారు. ఈ చుట్టుపక్కల అడిక్‌మెట్ భూములు ఒకప్పుడు మహలఖాబాయి చందా జాగీరు. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి, నాట్యగత్తె. ఆమె సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. ఇక్కడి తోటలకు తీగ కంచె వేసి నాకా పెట్టారట. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. అట్లా తార్నాక అయిందని చెబుతారు. పేరులోనే కంచె ఉన్న ఊరు. ఇప్పుడు తీగ లేదు గానీ ఇల్లు అద్దెకు అడిగితే "మీరేమిట్లు?" అనే నాకా ఉంది. ఒక్క తార్నాకలోనే కాదు, పట్నమంతా ఉంది. మాంసం తినేవాళ్ళకు ఇవ్వం అని బోర్డు పెడతారు. ఏ మాంసమో, ఎవరి మాంసమో మనకు తెలుసు. అందుకే తార్నాక, సీతాఫల్‌మండి, చిలకలగూడ, లాలాగూడ వైపు మనవాళ్ళు చెమటోడ్చి కట్టుకున్న రెండు గదుల ఇళ్ళు ఒట్టి ఇళ్ళు కావు. అవి మన సత్రాలు. రిపబ్లికన్ పార్టీ ఈశ్వరీబాయి ఉండింది ఆ చిలకలగూడలోనే. లాడ్జికి డబ్బుల్లేక, ఉన్నా పేరు చెప్పుకోవడానికి జంకి, ఎంతమంది మన కార్యకర్తలు ఆ గదుల్లో పడుకుని పొద్దున్నే కోర్టుకు పోయారో!

అట్లాంటి ఒక ఇంట్లోనే ఆ రాత్రి కలిశాం. అసలు చెప్పదలచిన సంగతి ఇదే.

పాత మిత్రులు తొమ్మిది మంది వచ్చారు. అందులో ఇద్దరున్నారు, పేర్లు అక్కరలేదు. ఒకరు మాల, ఒకరు మాదిగ. నాలుగేళ్ళు ఒక్క రూములో, ఒక్క మెస్ కార్డు మీద బతికారు. ఒకడికి జ్వరమొస్తే ఇంకొకడు పరీక్ష మానుకుని దవాఖానలో కూర్చున్నాడు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగింది. అప్పటి నుండి వాళ్ళ మధ్య వాదం నడుస్తూనే ఉంది, దోస్తీ కూడా నడుస్తూనే ఉంది. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లదంటే ఒకడు కుంగిపోయాడు. 2024 ఆగస్టు 1న అదే కోర్టు చెల్లుతుందంటే ఇంకొకడు కుంగిపోయాడు. 2025 ఏప్రిల్ 14న మన రాష్ట్రంలో చట్టం అమలుకొచ్చింది. 59 కులాలు మూడు గుంపులయ్యాయి. ఈ ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. ఇద్దరినీ పిలిచామని ఇద్దరికీ చెప్పే పిలిచాం. ఇద్దరూ వచ్చారు.

మొదలుపెట్టడమే లొల్లితో మొదలుపెట్టారు. "ముప్పై ఏండ్లు రోడ్ల మీద డప్పు కొట్టినం. ఒక్కనాడన్న మా సభకొచ్చి ముందు వరుసల కూసున్నవారా నువ్వు?" అని ఒకడు. "కూసుందామంటే మీ మైకు మమ్ముల మనువాదుల కంటె పెద్ద దొంగల్ని చేసె. అసలు సర్కారు కొలువులెక్కడున్నయిరా పంచుకోను? అన్నీ ప్రైవేటుకు పాయె. లేని రొట్టెను మూడు ముక్కలు చేసిండ్రు" అని ఇంకొకడు. "రొట్టె ఉన్నప్పుడు మాకు ముక్క పెట్టినవా మరి?" గంటన్నర నడిచింది. మధ్యలో ఎవరూ అడ్డం పోలేదు. ఆ ఇంటి వదిన మాత్రం వచ్చి, "పొయ్యి మీద కూర రెండు సార్లు వేడి చేసిన. మూడోసారి చెయ్య" అని పోయింది.

తినేటప్పుడు అసలు మాట బయటపడింది. "మా బిడ్డ పెండ్లికి ఎందుకు రాలేదు?" "ఎట్లొస్తరా? కార్డు వాట్సాప్‌ల పంపినవు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచినవా?" "వస్తే తలుపు తీస్తవో తియ్యవో అని రాలె." కాసేపు ఇద్దరూ పళ్ళేల్లోకి చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒకడు ఇంకొకడి పళ్ళెంలో బొక్క వేశాడు. అంతే. కౌగిలింతలు లేవు, కన్నీళ్ళు లేవు. ఎవరి వాదం వాళ్ళ దగ్గరే ఉంది. పదకొండు దాటినంక ఇద్దరూ ఒకే ఆటో ఎక్కి పోయారు. ఆటోలో ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు.

వర్గీకరణ మీద మా పత్రిక మాట దాచలేదు. వెనకబడ్డవాడు వాటా అడగటం న్యాయం. ఇచ్చినవాడి భయాలు వినటమూ న్యాయమే. కొలువులు తరిగిపోతున్న మాట అబద్ధం కాదు, దాని మీద ఇద్దరూ కలిసి కొట్లాడాలి. కానీ వాటా పంచుకున్న అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కవద్దని ఏ చట్టంలో ఉంది? రిజర్వేషన్‌ను గుంపులు చేయమన్నారు గానీ చావు, పెండ్లి, పురుడు గుంపులుగా చేసుకోమని ఏ కోర్టూ చెప్పలేదు. ఆ పని మనమే చేసుకుంటున్నాం.

ఇది ఇద్దరు దోస్తుల అలక అనుకుని తీసివేయకండి. మీ ఊళ్ళో దాడి జరిగిన రాత్రి మీరు ఎవరికి ఫోన్ చేస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎఫ్‌ఐఆర్‌లో అట్రాసిటీ సెక్షన్ పెట్టకుంటే ఏం చేయాలో అడిగేది ఏ వకీలును? గాంధీలో బెడ్ కోసం, రక్తం కోసం లేపేది ఏ డాక్టరును? పొద్దున పేపర్లో రావాలంటే ఏ విలేకరిని? ఆ నంబర్లన్నీ పాత హాస్టల్ రూముల నుండి, తార్నాక చాయ్ బండ్ల కాడి నుండి వచ్చినవే. ఏ గుర్తింపు సంఘం అవి ఇవ్వలేదు. రాకపోకలు ఆగితే ఆ నంబర్లు ఉంటాయి గానీ అవతల ఫోన్ ఎత్తే చెయ్యి ఉండదు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది మన సిద్ధాంతం చదివి కాదు, మన ఇంట్లో తిన్న తిండి గుర్తుండి. షికార్లెందుకన్న మిత్రుడికి మా రెండో జవాబు ఇది. ఆయన ఈసారి వస్తానన్నాడు. వచ్చి కొట్లాడినా సరే.

ఇంకో మాట. ఆనాటి మిత్రులు ముసలివాళ్ళవుతున్నారు. బొజ్జా తారకం 2016లో పోయారు. 1989లో 'నలుపు' పత్రిక మొదలైనప్పుడు దాన్ని బస్టాండుల్లో పట్టుకుని అమ్మిన కుర్రవాళ్ళు ఇప్పుడు బీపీ గోళీలు వేసుకుంటున్నారు. వాళ్ళ నోట్లో ఉన్నది ఎక్కడా రాసిలేదు. మేము బడిపంతుళ్ళం. ఏటా విహారయాత్రకు పిల్లల్ని సినిమా సెట్టింగులు చూపించడానికి తీసుకుపోవడం చూస్తూనే ఉన్నాం. గురుకులాల్లో, ఎస్సీ హాస్టళ్ళలో పనిచేసే టీచర్లకు, వార్డెన్లకు మా విజ్ఞప్తి. ఈ ఏడు ఒక్క బస్సు ఆర్ట్స్ కాలేజీకి మళ్ళించండి. పిల్లల చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. మెట్ల మీద కూర్చోబెట్టి దౌలతాబాద్ చెరువు కథ చెప్పండి. మధ్యాహ్నం తార్నాకలో ఒక పాత నాన్‌బోర్డర్‌ను పిలిపించి ప్రశ్నలు అడగనీయండి. మెస్‌లో ఏం పెట్టేవారు, పుస్తకాలు ఎక్కడివి, రాత్రి ఎవరు ఏడ్చేవారు, ఇట్లాంటివి పిల్లలే మంచిగా అడుగుతారు. వాళ్ళు రాసి పంపితే మా పత్రికలో వేస్తాం. అచ్చుతప్పులు మేము దిద్దుకుంటాం.

తార్నాక చుట్టుపక్కల ఇల్లు ఉండి, ఊరి నుండి వచ్చే కార్యకర్తకు ఒక రాత్రి చాప పరిచే వీలున్న మిత్రులు పత్రికకు ఒక కార్డు రాయండి, లేదా ఫోన్ చేయండి. ఆడవాళ్ళు వస్తే ఉండటానికి వీలుందో లేదో కూడా రాయండి. ఆ పేర్లు అచ్చు వేయం, అడిగినవాళ్ళకు చెబుతాం. వచ్చేవాళ్ళకు కూడా ఒక మాట. ఉత్త చేతులతో రాకండి. గట్క పిండో, పచ్చి పల్లికాయో, ఊరిది ఏదైనా చేతిలో ఉండాలి. పట్నంలో వాటికి మొగం వాచి ఉన్నారు.

తర్వాతి యాత్ర మే 22న, భాగ్యరెడ్డి వర్మ పుట్టినరోజు నాడు. బడులకు సెలవులు కాబట్టి పిల్లల్ని తేవచ్చు. పొద్దున 9 గంటలకు తార్నాక మెట్రో స్టేషన్ కింద కలుద్దాం. ముందు ఆర్ట్స్ కాలేజీ, అటు నుండి ఇసామియా బజార్, చాదర్‌ఘాట్ ఆది హిందూ భవన్. ఎండలు ముదిరి ఉంటాయి, నీళ్ళ సీసా, సద్ది తెచ్చుకోండి. రాత్రి కూర తార్నాక మిత్రులది. పోయినసారి అలిగి రాని ముగ్గురికీ ఈ సంచిక పోస్టులో పంపుతున్నాం, ఇంటికి పోయి పిలిచే పని మాత్రం వాళ్ళ వాళ్ళ మండల మిత్రులది.